విడిభాగాల ధరలు ఇలా పెరుగుతుంటే హాట్ రాడ్ పూర్తి చేసేదెలా? (1931 మోడల్ ఏ కూపే)

గ్యారేజీ గోపాలం | 4 అక్టోబరు 2025

అందరికీ నమస్కారం. ఒహాయోలో మా ఇంటి వెనుక షెడ్డులో, హాట్ రాడ్‌గా (పాత కారులో బలమైన ఇంజను దించి కట్టుకునే బండిగా) మార్చాలనుకున్న ఒక 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపే మూడేళ్ళుగా స్టాండ్ల మీద నిలబడి ఉంది. ఫ్రేముకు లోపలివైపు రేకులు వెల్డింగ్ చేసి గట్టిపరచడం పూర్తయింది. బాడీ అడుగున తుప్పు తిన్న భాగాన్ని కోసి కొత్త రేకులు అతికించడం సగం వరకు వచ్చింది. టైటిల్ (యాజమాన్య పత్రం) నా పేరు మీదే ఉంది కనుక ఆ చిక్కు లేదు.

2022లో మొదలుపెట్టినప్పుడు మొత్తం ఖర్చు 28,000 డాలర్లకు మించకూడదని నాకు నేనే ఒక గీత గీసుకున్నాను. అందులో 11,400 ఖర్చయ్యాయి, అంటే చేతిలో 16,600 ఉన్నాయి. మొన్న కూర్చుని మిగిలిన సామాను మొత్తానికి నేటి ధరలు వేసి చూస్తే 22,300 తేలింది. ఇంజనుకు 6,800, గేర్‌బాక్సుకు 2,900, వెనుక ఇరుసుకు 3,100, బ్రేకులకూ స్టీరింగుకూ కలిపి 1,900, చక్రాలకూ టైర్లకూ 1,700, వైరింగు, ఇంధనం, రేడియేటరు కలిపి 2,100, లోపలి సీట్లకు 1,600, రంగుకూ క్రోమ్ పూతకూ 2,200. మూడేళ్ళ నాటి పట్టికతో పోలిస్తే ధర పెరగని వరుస ఒక్కటీ లేదు.

మా ఇంట్లో ఈ కారు గురించి ఎవరూ ఏమీ అనడం లేదు, కానీ ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. అప్పు చేయను. అదనంగా 5,700 ఎక్కడినుంచీ రావు. పనిని ఆపి ధరలు దిగేదాకా ఆగాలా, లేక మరో మార్గం ఉందా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

లెక్కల మాస్టారు | 4 అక్టోబరు 2025

గోపాలం గారూ, ముందుగా ఆగడం గురించి. ధరలు ఎందుకు పెరిగాయో చూస్తే ఆగడం వల్ల లాభం ఎంతో మీకే అర్థమవుతుంది.

దిగుమతి ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం సుంకం 2018లోనే వచ్చింది. ఈ ఏడాది మార్చిలో రెండూ 25 శాతమయ్యాయి, జూన్‌లో చాలా దేశాల సరుకు మీద 50 శాతానికి చేరాయి. మే నెల నుంచి దిగుమతయ్యే వాహన విడిభాగాలలో పెద్ద భాగం మీద 25 శాతం పడింది. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు కూడా చైనా సరుకుకు మే 2 నుంచి, మిగతా దేశాల సరుకుకు ఆగస్టు 29 నుంచి పోయింది. చైనా నుంచి నేరుగా ఇంటికి తెప్పించుకునే చౌక కార్బ్యురేటర్లు, ఫ్యూయల్ పంపులు, గేజీలు ఆ దారినే వచ్చేవని మనకు తెలిసిందే.

డబ్బా మీద "అమెరికాలో తయారైనది" అని ఉన్న సామాను ధర ఎందుకు పెరిగిందని చాలామంది అడుగుతారు. తక్కువ ధర అల్యూమినియం సిలిండర్ హెడ్లలో చాలావాటికి పోత వేరే దేశంలో పోసి, మెషినింగు మాత్రమే ఇక్కడ చేస్తారు. పోత కూడా ఇక్కడే పోసినా, పోటీగా వచ్చే దిగుమతి సరుకు ధర పెరిగినప్పుడు ఇక్కడి తయారీదారు తన ధరను పాత చోటే ఉంచడు. సుంకం తగ్గినంత మాత్రాన షాపువాడు మరుసటి రోజే ధర తగ్గిస్తాడని నేను అనుకోను.

కాబట్టి పట్టికను మరో విధంగా చూడండి. ఇప్పటికే ఈ దేశంలోకి వచ్చేసి, ఒకసారి వాడుకలో ఉండి, ఎవరి పెరట్లోనో పడి ఉన్న ఇనుముకు సుంకం కట్టే పని లేదు. దాని ధర కూడా కొంత పెరిగింది కానీ కొత్త సామానులా పెరగలేదు. మీ 22,300లో ఎన్ని వరుసలు కేటలాగు చూసి రాసినవో, ఎన్ని బయట వెతికి రాసినవో చెప్పగలరా?

గ్యారేజీ గోపాలం | 4 అక్టోబరు 2025

అన్నీ కేటలాగు చూసి రాసినవే, మాస్టారూ. ఇప్పుడు ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

ఫ్లాట్‌హెడ్ తాత | 5 అక్టోబరు 2025

సిగ్గుపడవలసింది ఏమీ లేదు నాయనా. కేటలాగు చేతికి వచ్చాక పుట్టినవాళ్ళందరూ అలాగే మొదలుపెడతారు. కాని ఈ బండి ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుంటే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

1932లో ఫోర్డు సామాన్యుడికి అందే ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను పెట్టింది. 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. కొన్నేళ్ళకు అవి పాతబడి, గుద్దుకుని, తుక్కు యార్డులకు చేరాయి. కాలిఫోర్నియా కుర్రవాళ్ళు ఆ ఇంజన్లను తెచ్చి, అప్పటికి ఎవరికీ అక్కర్లేని మోడల్ టీ, మోడల్ ఏ బాడీలలో దించి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద వేగం కొలుచుకున్నారు. ఆ పందేలను ఒక పద్ధతిలో నడపడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1949లో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానంలో మొదటి స్పీడ్ వీక్ (వేగ పందేల వారం) జరిగింది. వాళ్ళు ఫెండర్లు పీకేసింది బరువు తగ్గించడానికే గాని అందం కోసం కాదు. 1939లో ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులకు మారిన తరువాత ఆ బ్రేకులను పాత ఇరుసుల మీదికి ఎక్కించారు, ఎందుకంటే యార్డులో అవే దొరికేవి. ఓల్డ్స్‌మొబీల్ 1949లోనూ షెవ్రొలే 1955లోనూ కొత్త వీ8లు తెచ్చినప్పుడు, తాము అంతవరకు ప్రాణంగా చూసుకున్న ఫ్లాట్‌హెడ్డును (ఆ పాత ఫోర్డు వీ8ను) నిర్మొహమాటంగా పక్కన పెట్టి వాటిని దించారు.

ఇప్పుడు "సంప్రదాయం" అని మనం పిలిచేది ఆనాటి తుక్కును. ఆ తుక్కు ఈనాడు బంగారమైంది. ఒక జత మంచి స్ట్రోంబర్గ్ 97 కార్బ్యురేటర్లు కొనబోతే నాకే చెమట పడుతోంది, నేను ఫ్లాట్‌హెడ్డు తప్ప మరొకటి ముట్టని మొండివాణ్ణి. డబ్బు లెక్క చూసుకోవలసిన వాడికి నా దారి పనికిరాదు. నీ కాలంలో, నీ ఊరి యార్డులో, ఎవరూ తిరిగి చూడని వీ8 ఏదో అడుగు. వాళ్ళు చేసింది అదే.

కొత్త సుత్తి | 5 అక్టోబరు 2025

నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉండవచ్చు, మన్నించండి. ఉన్నది ఉన్నట్టుగా అమ్మేసి, ఎవరో కట్టి విసిగిపోయి అమ్ముతున్న నడిచే బండి కొనుక్కోవడం లాభం కాదా? పూర్తయిన హాట్ రాడ్లు కట్టిన ఖర్చు కంటే తక్కువకు అమ్ముడుపోవడం నేను చాలాసార్లు చూశాను.

లెక్కల మాస్టారు | 5 అక్టోబరు 2025

డబ్బు పరంగా మీ మాట నిజం. ఒక్క బండి మాత్రమే కావాలనుకునేవారికి నేనూ అదే చెబుతాను. కానీ ఫ్రేమూ, సగం అతికించిన బాడీ, టైటిల్ ఉన్న స్థితిలో అమ్మితే కొనేవాడు గోపాలం గారి వెల్డింగుకు ఒక్క డాలరు కూడా లెక్కకట్టడు. 11,400లో సగం చేతికి వస్తే గొప్ప. అమ్మకం చివరి దారిగా ఉండనివ్వండి.

జంక్‌యార్డు జంగయ్య | 5 అక్టోబరు 2025

తాతగారు అడిగిన ప్రశ్నకు నా జవాబు: 1999 నుంచి 2006 మధ్య వచ్చిన షెవ్రొలే, జీఎంసీ పికప్పులలోని 5.3 లీటర్ల ఇంజను. జనరల్ మోటార్స్ వారి ఎల్‌ఎస్ అనే ఇంజన్ల కుటుంబానిదే, బ్లాకు మాత్రం పోత ఇనుముది. ఎంత తయారయ్యాయో గాని దేశంలో ఏ యార్డుకు వెళ్ళినా వరుసగా కనబడతాయి. వాహన గుర్తింపు సంఖ్యలో (విన్‌లో) ఎనిమిదో అక్షరం టీ అయితే అది ఎల్ఎం7, అంటే ఆ 5.3 ఇంజనే, వీ అయితే 4.8 లీటర్ల తమ్ముడు. మోడల్ ఏ అంత తేలిక బండికి 4.8 కూడా చాలును. అది ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఇంకా చౌక.

ఇంజను ఒక్కదాన్నే కొనకండి. నేను ఈ తప్పు రెండుసార్లు చేశాను. ఇంజను చౌకగా వస్తుంది, తరువాత వైరింగ్ హార్నెస్ (తీగల కట్ట) వేరే, ఇంజనును నడిపే కంప్యూటరు వేరే, సెన్సర్లు వేరే, స్టార్టరు వేరే, బ్రాకెట్లు వేరే కొంటూ పోతుంటే కొసరు అసలును మింగేస్తుంది. వెనుకనుంచి గుద్దుకున్న, ఇంజను నడుస్తున్న బండిని మొత్తంగా కొనండి. కొనేముందు స్టార్టు చేసి, చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా ఆయిల్ ప్రెషర్ చూడండి, వీలైతే గేర్లు పడుతున్నాయో లేదో నాలుగడుగులు నడిపించండి. మీకు కావలసినవి తీసుకున్నాక తలుపులు, ముందు లైట్లు, సీట్లు, చక్రాలు అమ్మండి. ఓపికగా అమ్మితే ఇంజనూ గేర్‌బాక్సూ దాదాపు ఊరికే మిగులుతాయి. చివరికి మిగిలిన తొక్కను తుక్కువాడు తూకానికి తీసుకుంటాడు. అయితే ఆ బండి రెండు మూడు నెలలపాటు మీ వాకిట్లో పడి ఉంటుంది. ఇంట్లోవాళ్ళ మౌనం ఆ రోజుల్లో ఇంకా చిక్కబడుతుందని ముందే చెబుతున్నాను.

మోడల్ ఏలో దించేటప్పుడు ఎదురయ్యేవి కూడా విప్పి చెబుతాను, లేకపోతే నా మాట నమ్మి తిట్టుకుంటారు. ట్రక్కు ఆయిల్ పాన్ (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి) లోతు ఎక్కువ, అది ముందు అడ్డదూలానికి తగులుతుంది లేదా నేలకు మరీ దగ్గరగా వేలాడుతుంది. పాన్ మార్చక తప్పదు. ట్రక్కు ఇన్‌టేక్ మానిఫోల్డు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) గోపురంలా ఎత్తుగా ఉంటుంది, మీరు బానెట్టు పెట్టుకోవాలనుకుంటే అదీ సమస్యే. ఇంజెక్టర్లకు 58 పీఎస్ఐ ఇంధన ప్రెషర్ కావాలి. దీనికి చాలామంది 1999 నుంచి 2003 వరకు వచ్చిన కార్వెట్ ఫ్యూయల్ ఫిల్టరు వాడతారు, అందులో ప్రెషర్‌ను నిలకడగా ఉంచే రెగ్యులేటరు కలిసే ఉంటుంది కనుక ట్యాంకు దగ్గరే తిరుగు పైపు కలిపేసి, ఇంజనుకు ఒక్క పైపు లాగితే సరిపోతుంది. హార్నెస్‌ను బల్ల మీద పరిచి, అక్కర్లేని తీగలు ఒక్కొక్కటిగా తీసేసే పని రెండు వారాంతాలు పడుతుంది గాని ఖర్చు లేదు. కంప్యూటరులో దొంగతనం నిరోధించే లాక్‌ను మాత్రం ప్రోగ్రామింగు చేసి తీయించాలి.

ఇంకొకటి, థ్రాటిల్ (ఇంజనులోకి గాలిని వదిలే మూత) తీగతో లాగేదా, విద్యుత్తుతో నడిచేదా అన్నది చూసుకోండి. 2003 నుంచి దాదాపు అన్నీ విద్యుత్తువే. ఆ రకమైతే పెడలూ, దాని మాడ్యూలూ, కంప్యూటరూ మూడూ ఒకే బండివి అయి ఉండాలి.

శనివారం మెకానిక్ | 6 అక్టోబరు 2025

జంగయ్య గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ల్యాప్‌టాపు లేకుండా స్టార్టు కాని ఇంజనును మోడల్ ఏలో పెట్టడానికి నా మనసు ఒప్పుకోదు. తక్కువ ఖర్చుకు పాత పద్ధతే ఇంకా సులువు. 1996 నుంచి 2000 దాకా షెవ్రొలే పికప్పులలో, వ్యాన్లలో వచ్చిన వోర్టెక్ 350 (350 ఘనపు అంగుళాల) ఇంజను తెచ్చుకుని, ఇంజెక్షను తీసేసి, నాలుగు బారెళ్ళ కార్బ్యురేటరు పెట్టి, వెనుక టర్బో 350 గేర్‌బాక్సు తగిలించండి. దాని హెడ్ల గాలి ప్రవాహం ఆ కుటుంబంలోని ఫ్యాక్టరీ పోత ఇనుప హెడ్లన్నిటిలో మెరుగైనదని పేరు. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు రోలరు రకం కావడం ఈ రోజుల్లో ఇంకా పెద్ద లాభం. రోలరు లేని పాత ఫ్లాట్ ట్యాపెట్ క్యాములు, వాటి మీద ఆనే లిఫ్టర్లు మొదటి ఇరవై నిమిషాలలోనే అరిగిపోయిన కథలు ఈ నాలుగైదేళ్ళలో ఎన్ని విన్నామో లెక్కలేదు. ఒక్క లిఫ్టరు అరిగితే ఆ ఇనుప పొడి బేరింగులన్నిటిలోకీ పాకుతుంది, కట్టిన ఇంజను మళ్ళీ విప్పవలసిందే.

జాగ్రత్తలు మూడు. ఆ హెడ్లకు ఒక్కోవైపు నాలుగేసి బోల్టులు మాత్రమే నిలువుగా పడతాయి కనుక పాత 350 ఇన్‌టేకు కుదరదు, వోర్టెక్ కోసమే చేసినది కొనాలి. 1986 నుంచి ఇంజను వెనుక నూనె సీలు ఒకే ముక్కగా మారింది, అందువల్ల ఫ్లెక్స్‌ప్లేటు (ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపే పళ్ళెం) కూడా ఆ కాలానిదే ఉండాలి, పాతది పెడితే బోల్టులూ కలవవు, బ్యాలన్సూ కలవదు. చాలా బ్లాకులలో మెకానికల్ ఫ్యూయల్ పంపు కోసం రంధ్రాలు తొలచి ఉండవు, ముందే చూసుకుని అవసరమైతే తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు లెక్కలో వేసుకోండి.

జంక్‌యార్డు జంగయ్య | 6 అక్టోబరు 2025

ఇన్‌టేకూ కార్బ్యురేటరూ కొత్తవి కొంటే మళ్ళీ కేటలాగుకే వచ్చాం కదా సోదరా. ఆ రెండింటి డబ్బుతో నాకు సగం పికప్పు వస్తుంది.

శనివారం మెకానిక్ | 6 అక్టోబరు 2025

స్వాప్ మీట్లో (పాత విడిభాగాల సంతలో) వాడిన ఇన్‌టేకు దొరుకుతుంది. కార్బ్యురేటరు విప్పి కడిగి గాస్కెట్లు మార్చడం ఎవరికైనా వస్తుంది. పైగా నా బండి దారిలో ఆగిపోతే స్క్రూడ్రైవరుతో బయలుదేరుతుంది. ఈ వాదన మనిద్దరి మధ్య తెగేది కాదు గనుక ఇక్కడితో ఆపుతాను.

నూనె చేతులు | 7 అక్టోబరు 2025

ఇంజను గురించి అందరూ ఉత్సాహంగా మాట్లాడారు. నేను ఛాసిస్ పని చేసేదాన్ని కాబట్టి మీ పట్టికలో వెనుక ఇరుసు దగ్గర ఆగిపోయాను. 3,100 ఎందుకు? కొత్త తొమ్మిదంగుళాల (లోపలి పళ్ళచక్రం వ్యాసం) ఫోర్డు తరహా ఇరుసు కేటలాగులో చూసి రాసి ఉంటారు. అది వెయ్యి హార్స్‌పవర్ మోసే వస్తువు. మీ బండికి అంత అక్కర్లేదు.

1995 నుంచి 2001 వరకు వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరరులో 8.8 అంగుళాల ఇరుసు ఉంటుంది. ముప్ఫై ఒక్క స్ప్లైన్ల (గాట్ల) యాక్సిల్ షాఫ్టులు, డిస్కు బ్రేకులు దానితోనే వస్తాయి. దాని వెడల్పు సుమారు 59.5 అంగుళాలు, మీ మోడల్ ఏకు ఎక్కువ. కానీ దాని డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే భాగం) మధ్యలో ఉండదు, ఒకవైపు ట్యూబు పొడవు. పొడవు వైపు ట్యూబును దాదాపు మూడు అంగుళాల మేర కోసి, మరో ఎక్స్‌ప్లోరరు నుంచి పొట్టి వైపు షాఫ్టు తెచ్చి అక్కడ పెడితే రెండు వైపులా సమానమవుతుంది, వెడల్పు 56.5 చుట్టుపక్కలకు వస్తుంది. కొత్త షాఫ్టులు చేయించే పనే లేదు. ట్యూబు వంకర పోకుండా అతికించడం మాత్రం నేర్పు కావలసిన పని. లోపల నిటారు కడ్డీ పెట్టి, కొంచెం కొంచెంగా చుట్టూ తిరుగుతూ వెల్డింగు చేయాలి. నమ్మకం లేకపోతే ఆ ఒక్క పనిని మెషిను షాపుకు ఇవ్వండి. చక్రాల బోల్టులు ఐదు, నాలుగున్నర అంగుళాల వలయం మీద ఉంటాయి. మీ ముందు హబ్బులు పాత ఫోర్డువైతే అవి ఐదున్నర అంగుళాల వలయం. ముందు చక్రం వెనుకా, వెనుక చక్రం ముందూ పట్టకపోతే స్టెపినీ తీసుకుని వెళ్ళడమే వృథా.

ఇప్పుడు పొదుపు చేయకూడనిది. బ్రేకులూ స్టీరింగూ కలిపి మీరు రాసిన 1,900లో ఒక్క డాలరు కూడా తగ్గించకండి. వీలైతే పెంచండి. మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను నెట్టేది) ముందు వెనుకలకు వేర్వేరు గదులున్నదే కొత్తది కొనండి. మోడల్ ఏలో అది కారు అడుగు రేకు కిందికి వస్తుంది, కాలిపర్ల (డిస్కును బిగించి పట్టేవి) కంటే దిగువన ఉంటుంది కాబట్టి నూనె వెనక్కి జారిపోకుండా డిస్కులకు రెండు పీఎస్ఐ, డ్రమ్ములకు పది పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వులు తప్పనిసరిగా పెట్టాలి. ఇవి లేకనే "మొదటి తొక్కుకు పెడల్ నేలదాకా పోతోంది" అని మా షాపుకు వస్తుంటారు. ముందు ఇరుసుకు సంబంధించిన బ్రాకెట్లు మీరు వెల్డింగు చేసినవైతే, నిజంగా వెల్డింగు తెలిసిన మరొకరి చేత చూపించండి. స్టీరింగు జాయింట్లు, టై రాడ్ చివర్లు, రబ్బరు బ్రేకు పైపులు, ఇవి మాత్రం యార్డు నుంచి తేకండి, కొత్తవే కొనండి.

గ్యారేజీ గోపాలం | 7 అక్టోబరు 2025

అక్కా, మీరు ఊహించినది అక్షరాలా నిజం. ఆ తొమ్మిదంగుళాల ఇరుసు బొమ్మ మా షెడ్డు గోడకు అతికించి ఉంది, ఇప్పుడే తీసేశాను. ముందు హబ్బులు ఇంకా కొనలేదు కనుక నాలుగున్నర అంగుళాల వలయానికే వెళ్తాను.

బాడీ గురించి కూడా ఒక మాట అడగాలి. నేను ముందుగా బాడీ మీద పడ్డాను. ఇంతవరకు అయిన ఖర్చులో దాదాపు సగం రేకులకూ, ఒక బాడీ షాపు గంటలకూ పోయింది. ఇక రంగు, క్రోమ్ ఏం చేయాలి?

ఉప్పు మైదానం | 9 అక్టోబరు 2025

బాడీతో మొదలుపెట్టడం మనలో చాలామంది చేసిన పొరపాటే, ఎందుకంటే కళ్ళకు కనబడేది అదే. ఇంజను దిగి, గేర్‌బాక్సు సొరంగం కొలత తేలి, స్టీరింగు కడ్డీ ఎటు పోతుందో తెలిసేదాకా రంగు వేయకూడదు. ఎక్కడో ఒకచోట మళ్ళీ కోయవలసి వస్తుంది. నా బండికి నిప్పురవ్వలు పడి పాడైన మొదటి రంగును గుర్తు చేసుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

క్రోమ్ పూతను పట్టికలోంచి కొట్టేయండి. నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడి వాయు వనరుల మండలి 2023లో హెక్సావలెంట్ క్రోమియంతో చేసే అలంకార పూతను దశలవారీగా ఆపాలని నియమం చేసింది. అంతకుముందు నుంచే మంచి పూతశాలలు తగ్గుతూ వచ్చాయి, ఉన్నవాటిలో నెలల తరబడి వరుస. పూత ఖర్చులో ఎక్కువ భాగం రసాయనం కాదు, అడుగున లోహాన్ని సానబెట్టే కూలి. ముందు ఇరుసుకూ, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హెయిర్‌పిన్ రాడ్లకూ నల్ల పెయింటు వేసినా బండి అందం తగ్గదు. తొలినాళ్ళ బండ్లలో చాలావాటికి అసలు క్రోమే లేదు. బాడీకి సింగిల్ స్టేజి యురెథేను (పైన మరో మెరుపు పూత అక్కర్లేని రంగు) ఇంట్లోనే వేసుకోవచ్చు గాని, ఆ గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం. బయటి గాలి అందించే మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. అది అద్దెకు దొరక్కపోతే ప్రైమరు వేసి ఒక ఏడాది తిరగండి.

సందర్భం వచ్చింది కనుక నా రాష్ట్రంలో ఉన్నవారికి చిన్న మాట. ప్రత్యేకంగా కట్టిన వాహనాలకు పొగ పరీక్ష విషయంలో వెసులుబాటు ఇచ్చే ధ్రువపత్రాలు ఏడాదికి 500 మాత్రమే ఇస్తారు, అవి జనవరి మొదట్లోనే పంచడం మొదలవుతుంది. గోపాలం గారిలా అసలు ఫ్రేముకు అసలు టైటిల్ ఉంటే ఆ తలనొప్పి చాలావరకు ఉండదు. టైటిల్ లేని చౌక ఫ్రేము అంత ఖరీదైన వస్తువు మరొకటి లేదు.

లెక్కల మాస్టారు | 9 అక్టోబరు 2025

కొనుగోలు వరుస గురించి చెప్పి ముగిస్తాను. ధర పెరుగుతుందన్న భయంతో అన్నీ ఇప్పుడే కొని అటకెక్కించడం తెలివిగా కనబడుతుంది. నేను అలా కొన్న ఇగ్నిషన్ పెట్టెను పద్దెనిమిది నెలల తరువాత బిగించాను, మొదటి రోజే పనిచేయలేదు. అమ్మిన షాపు రసీదు తేదీ చూపించి గ్యారంటీ ఎప్పుడో ముగిసిందని చెప్పింది. వారి తప్పేమీ లేదు, నాకే తొందర. ఎలక్ట్రానిక్ సామాను, పంపులు, టైర్లు, బ్యాటరీ చివరి నెలలోనే కొనాలి. టైరు వాడకపోయినా దాని మీద అచ్చైన తయారీ తేదీ నుంచి పాతబడుతూనే ఉంటుంది. ముందుగా కొనవలసినవి మిగతా కొలతలను నిర్ణయించేవే: ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసు, చక్రాలు.

స్వాప్ మీట్లకు వెళ్ళేవారు మొదటి రోజు ఉదయం వస్తువులను చూసి, చివరి రోజు మధ్యాహ్నం బేరం చేయాలి. అమ్మేవాడికి బరువైన ఇనుమును మళ్ళీ ట్రెయిలరులో ఎక్కించడం ఇష్టం ఉండదు. పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటా అక్టోబరులో జరిగేది ఒహాయో నుంచి ఒక రోజు ప్రయాణమే.

గ్యారేజీ గోపాలం | 11 జనవరి 2026

మూడు నెలల తరువాత లెక్కతో వచ్చాను, ఆలస్యానికి మన్నించండి.

నవంబరులో వెనుకనుంచి గుద్దుకున్న 2003 సిల్వరాడో ఒకటి 2,400కు దొరికింది. 5.3 ఇంజను, ఫోర్-ఎల్-60-ఈ గేర్‌బాక్సు. జంగయ్య గారు చెప్పినట్టే చల్లగానూ వేడిగానూ ఆయిల్ ప్రెషర్ చూశాను. కావలసినవి తీసుకుని మిగతాది ముక్కలుగా అమ్మితే 1,350 వచ్చాయి, అంటే నికరంగా 1,050. గేర్‌బాక్సు మూడో గేరులో జారుతోందని తేలింది, అది విప్పి కొత్త క్లచ్చులు వేయించడానికి 900 అయ్యాయి. పాన్, మౌంట్లు, గాస్కెట్లు, ఎగ్జాస్టు మానిఫోల్డులు, కంప్యూటరు ప్రోగ్రామింగు కలిపి 1,300. మొదటి పట్టికలో 9,700 ఉన్న చోట ఇప్పుడు 3,250 ఉన్నాయి. ఎక్స్‌ప్లోరరు ఇరుసు, రెండో షాఫ్టు, మెషిను షాపు కూలి, కొత్త బ్రేకు ప్యాడ్లు అన్నీ 750లో ముగిశాయి. ట్యూబు కోత నేను చేయలేదు, అక్క మాట విన్నాను.

బ్రేకులూ స్టీరింగూ 1,900 అలాగే ఉంచాను. చక్రాలు పాత స్టీలువి, టైర్లు కొత్తవి, 1,000. వైరింగు వరుస మాత్రం 2,100 నుంచి 2,400కు పెరిగింది, అధిక ప్రెషర్ పంపే కారణం. సీట్లకు 600, ప్రైమరుకూ నల్ల పెయింటుకూ 700. మొత్తం 10,600. చేతిలో ఉన్నది 16,600 కనుక, మొదటిసారి నిద్ర పట్టింది.

మా అబ్బాయి ఇప్పుడు సాకెట్ల పెట్టెను కొలతల వరుసలో సర్దుతున్నాడు. ఇంట్లో మౌనం గురించి చెప్పాలంటే, పికప్పు తొక్క వాకిట్లోంచి పోయిన రోజు మిఠాయి చేశారు.

లెక్కల మాస్టారు | 11 జనవరి 2026

చాలా సంతోషం. ఒక వరుస మరచిపోయారు: చిల్లర. బోల్టులు, గ్రైండింగు చక్రాలు, వెల్డింగు గ్యాసు, క్లిప్పులు, హీటర్ గొట్టాలు, నూనెలు, రెండోసారి కొనే తప్పుడు సైజు ఫిట్టింగులు. నా మూడు బండ్లలోనూ ఈ వరుస ఇంజను ఖర్చులో సగానికి తగ్గలేదు. మీ పట్టికలో 1,800 వేసుకోండి. అప్పటికీ 12,400 మాత్రమే అవుతుంది, గీతకు లోపలే ఉంటారు.

ఫ్లాట్‌హెడ్ తాత | 11 జనవరి 2026

నల్ల ఇరుసు, ప్రైమరు బాడీ, తుక్కు యార్డు ఇంజను. 1948లో ఎవరైనా చూసి ఉంటే ఇంజను ఏమిటని అడిగేవాళ్ళే గాని మిగతాదానికి వంక పెట్టేవాళ్ళు కాదు.

జంక్‌యార్డు జంగయ్య | 12 జనవరి 2026

గోపాలం గారూ, మనసులో ఒక అనుమానం. మీది 2003 బండి, అంటే థ్రాటిల్ విద్యుత్తుది. మీ లెక్కలో వైరింగు చెప్పారు, కంప్యూటరు చెప్పారు. యాక్సిలరేటరు పెడలూ, క్యాబిన్ ముందు గోడకు ఇంజను వైపు బిగించి ఉండే ఆ చిన్న మాడ్యూలూ తీశారా?

గ్యారేజీ గోపాలం | 12 జనవరి 2026

తీయలేదు. క్యాబిన్‌తో పాటు అమ్మేశాను.

కొన్నాయనకు ఇప్పుడే ఫోను చేశాను. ఆయనకు పైకప్పూ తలుపులూ మాత్రమే కావాలట, మిగతాది ఇంకా ఆయన కొట్టం వెనుక మంచులో ఉందట, నలభై డాలర్లిస్తే విప్పుకుని పొమ్మన్నారు. శనివారం తెల్లవారుజామునే బయలుదేరుతున్నాను. మాస్టారూ, చిల్లర వరుసలో మొదటి నలభై రాసుకున్నాను.